నూకని దారం

స్రవంతి కోదాడలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడుతుంది. నెట్ పైఅంచు దగ్గర తగిలిన బంతి నిలువునా కిందికి జారుతుంది. నెట్ మధ్యకు దిగువన తగిలింది మాత్రం బయటికి ఎగిరివస్తుంది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. 2008లో ప్రాజెక్టు ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఆ నెట్‌నే కంప్యూటర్‌లో అల్లుతానంది.

ముడి ఉన్న ప్రతిచోటా ఒక చుక్క పెట్టింది. చుక్కకూ చుక్కకూ మధ్య దారం బదులు స్ప్రింగు కట్టింది. బంతి విసిరింది. తెరమీద నెట్ గోడలా బిగుసుకుని, ఎక్కడ తగిలినా బంతిని వెనక్కి తన్నింది. వారం రోజులు అంకెలు మార్చింది. స్ప్రింగును మెత్తబరిస్తే నెట్ జారిపోయి వేలాడింది, గట్టిచేస్తే మళ్లీ గోడే.

"టాపిక్ మార్చుకోమ్మా, ఇంకా టైముంది," అన్నాడు ప్రాజెక్టు చూసే భాస్కర్ సార్.

ఆమె మార్చుకోలేదు. ఆదివారం మిర్యాలగూడలోని ఇంటికి వచ్చి, అక్కడి నుంచి వాడపల్లి బస్సెక్కింది. కృష్ణ ఒడ్డున చేపల వలలు అల్లే శాంతమ్మ ఆమె చెప్పిందంతా చేయి ఆపకుండా విన్నది.

"గోడలెక్క నిలవడ్డదంటే నువ్వు దారం పెట్టలేదు బిడ్డా, పుల్లలు పెట్టినవ్."

"పుల్లలెట్లయితయి పెద్దమ్మా?"

శాంతమ్మ జానెడు దారం తెంపి ఇచ్చింది. "రెండు కొసలు పట్టి గుంజు."

దారం బిగిసింది.

"ఇగ దగ్గరికి నూకు."

దారం మధ్యలో వాలిపోయింది.

"సూసినవా, దారం గుంజుతది గాని నూకదు."

స్రవంతి ఆ దారాన్ని మళ్లీ మళ్లీ గుంజి, నూకి చూసింది. తన స్ప్రింగులు రెండూ చేస్తున్నాయి. అది తనకు తట్టనేలేదు.

సోమవారం ప్రోగ్రాంలో ఒక్క వరుస చేర్చింది: చుక్కలు దగ్గరైతే బలం సున్నా. ఈసారి పైన తగిలిన బంతి కిందికి జారింది. దిగువన తగిలిన చోట నెట్ సంచిలా లోతుగా సాగి, బంతిని బయటికి విసిరింది.

భాస్కర్ సార్ కుర్చీ లాక్కుని తనే బంతులు వేశాడు. నెట్ కట్టిన స్తంభం పక్కన, కింది మూలకు వేసినప్పుడు బంతి వెనక్కి రాకుండా పక్కకు దొర్లింది.

"ఇది తప్పేమోనమ్మా."

"నేనెప్పుడూ గమనించలేదు సార్. గ్రౌండ్‌లో చూద్దాం."

ఇద్దరూ వెళ్లారు. మొదటి రెండుసార్లు ఆమె గురి తప్పింది. మూడోసారి బంతి సరిగ్గా మూలకు తగిలి, స్తంభం వైపుగా పక్కకు దొర్లింది.

భాస్కర్ సార్ బంతి తెచ్చుకుని, అదే మూలకు మళ్లీ విసిరాడు.