రూల్సు మావయ్య తేల్చిన అర్హత

ఆ ఇంట్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు రూల్సు మావయ్యే చూడాలి. నీటి సరఫరా ఆఫీసులో ముప్ఫై ఏళ్లపాటు, వచ్చిన ఉత్తరాల మీద తేదీ ముద్ర గుద్దిన మనిషి ఆయన. వాటిలో ఏముందో ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. అయినా రిటైరయ్యాక, లోకంలోని నిబంధనలన్నీ తన నోట్లోంచే ఊడిపడ్డట్టు మాట్లాడేవాడు.

మేనకోడలు పన్నెండో తరగతి వృత్తి విద్యలో పాసైంది. కళ్లజోళ్లకు అద్దాలు కోయడం, అరగదీయడం, ఫ్రేములో బిగించడం నేర్పే కోర్సు. యూనివర్సిటీలో కంటి పరీక్షల డిగ్రీ చేయాలని ఆమె కోరిక. మావయ్య మార్కుల జాబితాను దొంగనోటును చూసినట్టు వెలుతురుకెత్తి చూశాడు.

“ఇదీ ఒక చదువేనా? చేతిపని! యూనివర్సిటీ గేటు కూడా దాటనివ్వరు.”

“ఎక్కడైనా రాసుందా మావయ్యా?”

“రాసుండేదేంటే? నేను చెప్తున్నాగా!”

లాండ్రీలో పనిచేసే తల్లి అలసిపోయి ఉంది. “అన్నయ్యకు తెలీదా?” అంది. దాంతో ఆ పిల్ల నోరు మూసుకుని కళ్లజోళ్ల దుకాణంలో చేరింది.

ఏడాది గడిచాక, ఆమెతో చదివినవాడొకడు వదులైన ఫ్రేము బిగించమని దుకాణానికొచ్చాడు. క్లాసులో ప్రతి పరీక్షకూ ఆమె పేపర్లోకి తొంగి చూసిన మొద్దు. చంకలో యూనివర్సిటీ పుస్తకాలు.

“నీకెలా ఇచ్చారు సీటు?” అంది, స్క్రూడ్రైవర్ ఆపి.

“మన సర్టిఫికెట్టు చెల్లుతుంది కదా. ఫిజిక్స్ ఒక్కటే అదనంగా రాయాలి, యాభై వస్తే చాలు. అడ్మిషన్ల పుస్తకంలో ఉంది. నువ్వు చూళ్లేదా?”

చూడలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. వీడు చదివాడు, తను చదవలేదు!

మర్నాడు అడ్మిషన్ల ఆఫీసుకు బయల్దేరితే, “నువ్వు మాట్లాడితే పని చెడుతుంది” అంటూ మావయ్య వెంటపడ్డాడు. కౌంటర్‌లో ఉన్నావిడ పుస్తకం తెరిచి, పద్నాలుగో పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

“ఇది తప్పు,” అన్నాడు మావయ్య.

“ఏది సార్?”

“ఈ పుస్తకం. అచ్చులో పొరపాటు పడుంటుంది.”

“ఎనిమిదేళ్లుగా ఇదే రూలు సార్.”

“నా సర్వీసంత లేదు మీ వయసు. పైవాళ్లను పిలవండి!”

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. కౌంటరావిడ ఆయన్ని దాటి పిల్లవైపు చూసింది. “ఫిజిక్స్ పరీక్షకు ఫారం ఇవ్వనామ్మా?”

“ఇవ్వండి. ఈయన మాట పట్టించుకోకండి.”

ఆర్నెల్లు దుకాణం మూసేదాకా పనిచేసి, రోజూ తెల్లవారుజామునే లేచి ఫిజిక్స్ లెక్కలు చేసింది. యాభై ఎనిమిది వచ్చాయి. సీటూ వచ్చింది.

ఆ ఆదివారం మావయ్య కుర్చీ నిండా కూర్చుని, వచ్చిన బంధువులకు చెప్తున్నాడు: “ఫిజిక్స్ రాయమని మొదట్నుంచీ నేనే నెత్తీనోరూ కొట్టుకున్నా. దగ్గరుండి ఫారం ఇప్పించా.”

ఆమె టీ కప్పు ఆయన ముందు పెట్టింది.

“మీకు తెలీదు మావయ్యా. ఆవాళా తెలీదు, ఇవాళా తెలీదు. తెలీదని ఒక్క ముక్క అనుంటే నాకు ఏడాది మిగిలేది.”

“చూశావా చెల్లీ, సీటు రాగానే నీ కూతురికి నోరెలా లేచిందో!”

“క్షమించమని అడుగు,” అంది తల్లి.

“అడగనమ్మా.”

మావయ్య టీ మాత్రం చివరి చుక్కదాకా తాగి, అప్పుడు అలిగి లేచి వెళ్లిపోయాడు. నెలరోజులు రాలేదు. తల్లి రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు కూతురి బట్టలు తనే ఇస్త్రీ చేసి పెట్టింది.

మావయ్య మీద ఆ పిల్లకు కోపమంటూ మిగల్లేదు. అంత కోపం ఖర్చుపెట్టదగ్గ మనిషి కాడనిపించింది. తన మీదే అసహ్యం వేసింది, చాలా రోజులు. యూనివర్సిటీ బస్సు దుకాణం ముందునుంచే పోయేది, అక్కడికి మూడే స్టాపులు. ఏడాదిలో ఒక్కసారి ఎక్కి, దిగి, అడిగి ఉండచ్చు.