ఖడ్గపాత్ర

నాలుగేళ్లు నేను రాసిన పుస్తకంలో నా పేరు లేదు. ఎందుకు లేదో చెబుతాను, వినండి.

హార్‌గ్రీవ్ అనే ముసలాయన ఇంట్లో ఖడ్గమృగం కొమ్ముతో చెక్కిన పాతకాలపు చైనా గిన్నెలు పదిహేడు ఉండేవి. ఆయనకి చూపు మందగించింది. ఏ గిన్నె ఏ షాంఘై వర్తకుడి దగ్గర నుంచి ఏ ఓడ కెప్టెన్ చేతికి వచ్చిందో, లండన్ వేలంలో ఎవరు పాడుకున్నారో వెతికి రాయడం నా పని. “పుస్తకం మీద నా పేరు పక్కనే నీ పేరు, కుసుమా” అని ఆయనే మాటిచ్చాడు. ఈ పరదేశంలో, మేముండే క్లేటన్‌లో అందరికీ నేను లెక్చరర్ ద్వారకానాథ్ గారి భార్యని, అంతే. నా పేరు అచ్చులో చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

1990 జనవరిలో ఆఖరి గిన్నె మిగిలింది. తామరాకు ఆకారంలో ఉండేది. “వీకెండ్‌కి ఇంటికి తీసుకెళ్లి రాసుకో” అని నమ్మి నా చేతిలో పెట్టాడు. ఆ శనివారమే మా మామగారి తద్దినం. నా నోరు ఊరుకుంటుందా! అది దేంతో చేసిందో మావారికి చెప్పాను.

“ఖడ్గపాత్రా! దాంతో తర్పణం వదిలితే పితృదేవతలకి అక్షయం అంటారు, తెలుసా? మా నాన్న కోసం, జస్ట్ వన్స్.”

“ఏమండీ, అది మనది కాదు. ముట్టుకోకండి.”

“సర్లే” అన్నారు. నేను వంటింట్లో గారెలు వేస్తుంటే పని కానిచ్చేశారు. నువ్వులూ నీళ్లూ పోసి వదిలారు సరే, అంతటితో ఆగారా? శుభ్రంగా కడిగి బ్యాక్‌యార్డ్‌లో ఎండలో బోర్లించారు. మన ఇత్తడి చెంబు అనుకున్నారు కాబోలు! ఈ దక్షిణ దేశంలో జనవరి అంటే నడి వేసవి, ఆవేళ నలభై డిగ్రీలు. సాయంత్రం వెళ్లి చూస్తే అంచు నుంచి అడుగు దాకా పగిలి ఉంది. మూడు వందల ఏళ్లు చెక్కుచెదరని గిన్నె.

సోమవారం ముసలాయన ఆ పగులుని బొటనవేలితో తడిమాడు. నా చేతిలో పగిలిందన్నాను. మొగుణ్ని ఎలా పట్టిస్తాను, నా ఖర్మ! ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా కాగితాలన్నీ తీసుకుని తలుపు వేసుకున్నాడు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. వాక్యాలన్నీ నావే, ఒక్క కామా మారలేదు. పదిహేడో గిన్నె కింద మాత్రం ఒక ముక్క చేర్చాడు: “పనిమనిషి అజాగ్రత్త వల్ల పగిలినది.”

మావారు అది రెండుసార్లు చదివి, హమ్మయ్య అన్నారు.

“పోన్లే, నీ పేరు వెయ్యలేదు. యూనివర్సిటీలో ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి!”