బంగార్రాజు అట్టముక్కలు

మిఠాయి డబ్బా మూతను కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, బంగార్రాజు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అరలోంచి ఏ పుస్తకం తీసినా ఆ ఖాళీలో ఒక అట్టముక్క నిలబెట్టాల్సిందే. ఎవరు పట్టుకెళ్లారో, ఎక్కడికి పోయిందో దాని మీద రాస్తాడు. పుస్తకం తిరిగొచ్చాక ముక్కను తన చేత్తోనే పీకుతాడు. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. కాలేజీ లైబ్రరీలో అటెండరుగా చేరి ముప్పై ఒక్కేళ్లు, చేస్తూనే ఉన్నాడు. రాసేది మాత్రం తెలుగులో. తండ్రి టాటానగర్ రైల్వేలో ఉండగా అక్కడి బర్మామైన్స్ తెలుగు బడిలో చదివిన ఏడు తరగతులూ నేర్పింది అదే. లైబ్రరీ మొత్తంలో ఆ రాత చదవగలిగినవాడు అతనొక్కడే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు, అతనితో సహా.

పదింటికి యోగిత వచ్చింది. ఊళ్లోనే పర్సుడీహ్ పేట పిల్ల, పీహెచ్‌డీ చేస్తోంది. ఇంట్లో తెలుగే గాని అక్షరాలు రావు. శ్రీకాకుళం నుంచి టాటానగర్‌కి వలసొచ్చిన కూలీల మీద రాస్తోంది. అందులో ఒక అధ్యాయమంతా యాభై ఏళ్లనాటి పత్రికలోని ఒక వ్యాసం మీద నిలబడింది. ఎవరో టైపు చేసి ఇంటర్నెట్లో పెట్టిన ప్రతి తప్ప ఆమె దగ్గర మరేమీ లేదు. ఇలాంటివి ఇప్పుడు కంప్యూటర్లే కల్పించి ఇస్తున్నాయి, సాయంత్రంలోగా అసలు సంపుటం చూపించు, లేదా అధ్యాయం తీసెయ్ అన్నారట గైడు.

“సిస్టమ్‌లో మిస్సింగ్ దిఖా రహా హై, అంకుల్,” అంది. కంప్యూటర్లో ఆ సంపుటం గల్లంతని చూపిస్తోందట.

“సిస్టమ్‌కేటి తెలుసమ్మా. అదెప్పుడైనా మెట్లెక్కిందా?”

మోకాళ్లు పట్టుకుంటూ మూడో అంతస్తు ఎక్కాడు. అరలో ఆ సంపుటం ఉండాల్సిన చోట దుమ్ము కొట్టుకుపోయిన అట్టముక్క ఉంది. తుడిచి చదివాడు. గోడ కారుతోంది, మెట్ల కింద గదిలో పెట్టాను అని పన్నెండేళ్ల కిందట తనే రాశాడు. పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లకి ఈ గీతలు ఏం తెలుస్తాయి? ఖాళీ చూసి గల్లంతని రాసేశారు. ఇలాంటివి ఇంకెన్నున్నాయో! వెనకే ఎక్కొచ్చిన యోగిత వైపు తిరిగాడు.

“నాదే తప్పమ్మా. నాకొక్కడికే తెలిసేలా రాసీనాను.”

మెట్ల కింద విరిగిన బల్లలు ఒక్కొక్కటే లాగి, రొప్పుతూ సంపుటాన్ని బయటికి తీశాడు. పాత సంపుటాలు గడప దాటకూడదన్నది లైబ్రరీ నియమం. ఆ నియమం అతనెప్పుడూ తప్పలేదు. తుండుతో అట్ట తుడిచి ఆమె చేతుల్లో పెట్టాడు.

“అట్టుకెళ్లు. రేపు తెచ్చియ్యి.”

రిజిస్టర్లో సంతకం పెట్టనా అని ఆమె హిందీలో అడిగింది.

“నేనున్నాను కదా,” అన్నాడు.

ఆమె భాలుబాసాలో గైడు ఇంటికి పరుగెత్తింది. బంగార్రాజు మళ్లీ మూడంతస్తులూ ఎక్కి, పాత ముక్క పీకి కొత్తది నిలబెట్టాడు. ఎడమ భుజం లాగుతుంటే కిటికీ పక్క స్టూలు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తెప్పించుకున్న టీ తాగలేదు. ఐదింటికి కిటికీలు మూయడానికొచ్చిన బీహారీ వాచ్‌మన్ నాగేంద్రబాబు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం పట్టుకుని కదిపాడు.

యోగిత అధ్యాయం నిలిచింది. మర్నాడు సంపుటం తెస్తే లైబ్రరీ మూసి ఉంది. బంగార్రాజు పోయాడని గేటు దగ్గరే చెప్పారు.

తెరిచిన రోజు ఆమె ఒక్కతే పైకెళ్లింది. ఆ ఖాళీలో ఉన్న అట్టముక్కను ఫోటో తీసి నానమ్మ దాలమ్మకి పంపింది. ఫోన్లో ముసలావిడ కూడబలుక్కుని చదివింది.

“యోగిత అట్టుకెళ్లింది. మన పిల్లే. తెచ్చెత్తాది.”

చాలాసేపు ఏడ్చింది యోగిత. తర్వాత సంపుటాన్ని దాని చోట పెట్టింది. ముక్కను పీకడానికి ఆమెకి చెయ్యి రాలేదు, అది అతని పని. మిఠాయి నూనె మరకతో ఆ అట్టముక్క సంపుటం పక్కనే, అర అంచు దాటి కాస్త బయటికి నిలబడి ఉంది.