కాపలావాడి మీద ఒక వాక్యం

ఆ వాక్యం రాసింది నేనే. "రాత్రంతా రొయ్యకు కాపలా కాసే మనిషి, తెల్లవారేసరికి తన పిల్లలు తాగే నీళ్ళను అమ్ముకుంటున్నాడు." రాసిన రోజు రెండుసార్లు పైకి చదువుకుని సంతోషించాను కూడా.

విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. డివిజన్ స్థాయి డిబేట్ పోటీకి వచ్చిన అంశం: రొయ్యల సాగు తీరానికి మేలా, కీడా? ఎవరు ఏ పక్షమో అక్కడే చీటీ తీసి తేలుస్తారు. అందుకని రెండు పక్షాలకూ ప్రసంగాలు నేనే రాసి తొమ్మిదో తరగతి అబిగయీలు చేతికిచ్చాను. ఆమెను ఎంచుకున్నది ఆలోచన చూసి కాదు, జ్ఞాపకశక్తి చూసి. చర్చిలో జరిగే బైబిలు కంఠత వాక్యాల పోటీలో నాలుగేళ్ళుగా మొదటి బహుమతి ఆమెదే. అక్కడ ఒక్క మాట మారినా మార్కు పోతుంది. చేతికిచ్చిన వాక్యాన్ని మార్చకూడదని నేర్చుకుని పెరిగిన పిల్ల. మూడు వారాల్లో మేలునూ కీడునూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో అప్పజెప్పింది. నువ్వు ఏది నమ్ముతున్నావని నేను అడగలేదు.

పోటీ కోవూరులో. ఆ ఉదయం బస్సు దగ్గర ఆమెతో పాటు తండ్రి క్రీస్తుదాసు కూడా నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, నిద్ర లేని కళ్ళు.

"ఈరోజు పనికి పోలేదా?" అన్నాను.

"రాత్రి డ్యూటీ సార్. రొయ్యల గుంటల కాడ కాపలా. దిగి ఇట్నే వచ్చేసినా. మా పాప మాట్లాడేది ఎప్పుడూ విన్లేదు గదా."

పాఠశాల రిజిస్టరులో అతని వృత్తి 'కూలి' అని ఉంది. అంతకు మించి తెలుసుకోవాలని నాకు తోచలేదు.

బస్సు కదిలిన కాసేపటికే అతను కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నేను అబిగయీలు వైపు వంగాను.

"ఆ కాపలావాడి వాక్యం వదిలెయ్యమ్మా."

"అది తీసేస్తే తర్వాతది ఎట్లొస్తుంది సార్?"

"మీ నాన్న పని అదే కదా. ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు రాసినారు గదా సార్."

ఆ జవాబులో నింద లేదు. ఉంటే కొంత తేలికగా ఉండేది.

చీటీలో 'మేలు' రావాలని కోరుకున్నాను. దేవుడి విషయంలో స్థిరమైన అభిప్రాయం లేనివాడిని, మడిచిన కాగితపు ముక్క కోసం ప్రార్థన దాకా వెళ్ళాను. 'కీడు' వచ్చింది.

మూడో వరుసలో క్రీస్తుదాసు మెలకువగా కూర్చున్నాడు. అబిగయీలు మొదలుపెట్టింది. ఉప్పగిల్లిన బోర్లు, కాలవలోకి వదిలే గుంట నీళ్ళు. నేను వినడం లేదు, ఆ వాక్యానికి ముందు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నాను. దాని ముందు ఆమె ఆగింది. తండ్రి వైపు కాదు, నా వైపు చూసింది. వద్దని తల ఊపవచ్చు. ఊపితే తడబడుతుంది, తడబడితే జిల్లా పోటీకి వెళ్ళదు. నేను నేల వైపు చూశాను.

అక్షరం తప్పకుండా చెప్పింది. హాలంతా చప్పట్లు. అందరి తర్వాత, కొంచెం ఆలస్యంగా, క్రీస్తుదాసు కూడా కొట్టాడు.

మొదటి బహుమతి వచ్చింది. బయట టీ బంకు దగ్గర అతనే మూడు గ్లాసులు అందుకున్నాడు.

"ఏం మే, నీళ్ళు అమ్ముకునేవోడి చేతి టీ తాగుతావా?" అని నవ్వాడు.

అబిగయీలు గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు.

"అది నేను రాసింది. పాపది కాదు" అన్నాను.

"తెలుసు సార్. మా ఇంట్లో అట్టా మాట్లాడేవోళ్ళు లేరు." ఒక గుక్క తాగాడు. "మీరెప్పుడన్నా గుంటల కాడికి వచ్చినారా?"

"లేదు."

"నీళ్ళు కాలవలోకి వదలొద్దని ఎండాకాలంలో మా ఓనరుతో పోట్లాడినా. వారం రోజులు పనిలోకి రానీలా."

"నాకు చెప్పలేదే నాయనా!" అంది అబిగయీలు.

"నువ్వడిగినావా?"

ఆ ప్రశ్న ఆమెకు వేసినదే. నేనే తలదించుకున్నాను.

"జిల్లా పోటీకి ఆ వాక్యం తీసేస్తాను" అన్నాను.

"తీయొద్దు సార్!" అంది ఆమె వెంటనే. "దానికే చప్పట్లు కొట్టినారు."

క్రీస్తుదాసు గ్లాసు కింద పెట్టాడు. మూడు వారాల్లో నేను నేర్పినది ఇదన్నమాట.

"అది అబద్ధమమ్మా. చూడకుండా రాశాను."

"అబద్ధమైతే ఫస్ట్ ప్రైజు ఎట్లిచ్చినారు సార్?"

"వాళ్ళూ చూడలేదు."

ఆమె బస్సు వైపు నడిచింది. ఇంత చెప్పాక జిల్లా పోటీకి వస్తుందో రాదో, వస్తే నోరు పెగులుతుందో లేదో నాకు తెలియలేదు. బస్సులో తండ్రి పక్కన కూర్చుంది. నేను వెనక సీటులో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఊరు దాటాక ఆమె గొంతు వినిపించింది.

"ఆ రోజు ఓనరు ఏమన్నాడు నాయనా?"

"ఇప్పుడెందుకులే. నిద్రొస్తా ఉంది."

"చెప్పు. నువ్వేమన్నావు?"

ఆమె ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. క్రీస్తుదాసు కళ్ళు నులుముకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజను చప్పుడులో సగమే అందింది. మిగతా సగం కోసం నేను ముందుకు వంగాను.