నన్ను తీసేసిన చోట

నేను ఒక ఇనుప గ్రిల్లును. నిలబడకూడని చోట నిలబడ్డానన్నది నా మీద మోపిన నేరం. అది నిజమే. నన్ను నిలబెట్టిన మనిషి చెప్పిన కారణం మాత్రం పచ్చి అబద్ధం.

కాకినాడలో ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. జైలు ఊచల్లా కనబడకూడదని సీతాపతి గారు అడిగి మరీ నా నడుమ ఒక పువ్వు పెట్టించారు. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, కారిడార్ చివర, ఆయన గుమ్మం ముందు నన్ను అడ్డంగా బిగించారు. అందరికీ చెందిన మంటలార్పే పైపు పెట్టె కూడా నా లోపలే పడిపోయింది. తాళం ఆయన జేబులో.

పక్క ఫ్లాటు సుగుణ ఆ రోజే అడిగింది. "ఇదేంటండీ సీతాపతి గారూ?"

"దొంగల భయమండీ."

"ఈ అంతస్తులో ఉండేది మీరూ మేమే కదండీ. దొంగలెవరండీ మరి?"

ఆయన తాళం ఒకసారి లాగి చూసుకుని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు, అంతకుముందు సుగుణకు పులిహోర పంపిన ఆయన ఇంటి గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. ఇరుగుపొరుగు గిన్నెను ఎవరూ ఉత్తగా పంపరు, కనీసం చెంచాడు పంచదారైనా వేస్తారు. సుగుణ తోమి, తుడిచి, ఉత్త గిన్నె పంపింది. అసోసియేషన్‌కు ఫిర్యాదు ఆ తర్వాతే వెళ్లింది.

అసలు సంగతి నాకు తెలుసు. సీతాపతి గారి తల్లి మాణిక్యాంబకు మతిమరుపు ముదిరింది. ఒక తెల్లవారుజామున ముగ్గు గిన్నె పట్టుకుని లారీలు తిరిగే రోడ్డు దాకా వెళ్లి, నడిమధ్యన కూర్చుని చుక్కలు పెట్టడం మొదలెట్టింది. కొడుకు పరుగెత్తుకెళ్లి తెచ్చుకున్నాడు. ఇంటి తలుపు వేస్తే ఆవిడ చేతులు వాచేలా బాదుతుంది. అందుకని నేను. తల్లి సంగతి నలుగురి నోళ్లలో నానడం ఇష్టం లేక, ఆ పెద్దమనిషి లేని దొంగల్ని పుట్టించాడు.

ఒక పొద్దున సుగుణ ఫిర్యాదుకు జతగా నా ఫోటో తీయడానికి వచ్చింది. మాణిక్యాంబ లోపల నేల మీద కూర్చుని, నా ఊచల సందులోంచి చెయ్యి బయటికి చాచి ఉంది. ముగ్గు సగమే బయట పడింది, మిగతా సగానికి చెయ్యి చాలడం లేదు.

"లక్ష్మీ, కాస్త ఆ చుక్కలు కలపవే. నాకందట్లేదే."

సుగుణ ఫోను దించేసింది. లోపల్నుంచి వచ్చిన సీతాపతి గారిని చూసి, "లక్ష్మి ఎవరండీ?" అంది.

"మా చెల్లెలండీ. పోయి చాలా కాలమైంది." సుగుణ కింద కూర్చుని చుక్కలు కలిపింది. నాకు ఏడుపొచ్చింది. ఇనుముకు ఏడుపేమిటని నవ్వకండి.

మీటింగులో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది సుగుణ. సెక్రటరీ భీమరాజు గారు తల అడ్డంగా ఊపారు. "మీరు ఊరుకుంటే సరిపోదమ్మా. ఆ పైపు అందరిదీ. రేపు నిప్పంటుకుంటే తాళంచెవి కోసం వెతుక్కుంటామా?"

"తీసేస్తానండీ. మరి మా అమ్మో?" అన్నారు సీతాపతి గారు.

రూల్సు కంఠతా వచ్చినవాళ్లంతా కుర్చీల కాళ్లు చూసుకున్నారు. చివరికి సుగుణే అంది. "లిఫ్టుకైనా మెట్లకైనా మా గుమ్మం దాటే వెళ్లాలండి. మా తలుపు తీసే ఉంచుతాను. ఇంట్లో మీరు కనిపెట్టండి, గుమ్మం దాటితే నేను చూసుకుంటాను."

కాకినాడ దోమల సంగతి తెలిసినవాళ్లకు అదెంత పెద్ద మాటో అర్థమవుతుంది.

నన్ను కోసి లిఫ్టు పక్కన ఆనించారు. మర్నాడు పాత ఇనుము బండి వచ్చేలోగా మాణిక్యాంబ బయటికొచ్చింది. మునుపు నేనున్న చోటికి వచ్చి ఆగిపోయింది. అక్కడే చతికిలబడి, లేని ఊచల సందులోంచి చెయ్యి ఒరుసుకోకుండా జాగ్రత్తగా పోనిచ్చింది.

"నాకందట్లేదే లక్ష్మీ."

"ఇప్పుడేం అడ్డం లేదు పెద్దమ్మా, ఇటు రండి," అంది సుగుణ. ఆవిడ రాలేదు. సుగుణే వెళ్లి పక్కన కూర్చుంది.

ఇప్పుడు తుక్కు కుప్పలో ఉన్నాను. వానలకు నా పువ్వు తుప్పు పట్టింది. నాకు నిద్ర లేదు, ఎన్నాళ్లయినా నిలబడగలను. మనుషులకు నిద్రొస్తుంది, విసుగొస్తుంది, దోమలు కుడతాయి. తెల్లవారుతుంటే నాకు ఒకటే దిగులు. సుగుణమ్మా, తలుపు తీసే ఉంచావు కదూ?