మలర్ పేరు ముందరి అక్షరం

రెడ్డియార్‌పాళయం మెయిన్ రోడ్డు మీద సుందరమూర్తి ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల అంగడిలో ఏ గిన్నె కొన్నా దాని మీద పేరు చెక్కి ఇస్తారు. ఉత్త పేరు కాదు. ముందర తండ్రి పేరులోని మొదటి అక్షరం, ఆ తర్వాత మనిషి పేరు. చెక్కే మెషీను పట్టేది మలర్. పెళ్లి సామాను కొనేవాళ్లు ఇనిషియల్ చెప్పడం మరిచిపోతే, "నాయన పేరేంది?" అని తనే అడిగి చెక్కుతుంది.

మలర్ ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కాదు. ఆ అంగడిలోనే మూటలు మోసిన కరుప్పన్ కూతురు. తల్లి పురిట్లోనే పోయింది. పిల్లకు నడక వచ్చేలోపు కరుప్పన్ కూడా పోతే, సుందరమూర్తి భార్య వసంతమ్మ ఆ బిడ్డను చంకనేసుకుని ఇంటికి వచ్చేసింది. బడిలో చేర్చిన రోజు సుందరమూర్తి దర్జాగా 'సు. మలర్' అని చెప్పి రాయించాడు. ఇనిషియల్ ఇచ్చాక కూతురు కాకుండా ఎక్కడికి పోతుంది? ఆయన కొడుకు నరేంద్రన్‌కూ, గోరిమేడులో కాపురముంటున్న కూతురు భువనేశ్వరికీ ఆమె చెల్లెలు. వీధికి ఆమె మూర్తిగారి చిన్నమ్మాయి.

ఒక ఆదివారం దోసెలు తింటూ నరేంద్రన్ అన్నాడు. "నాయనా, వకీలు దగ్గరికి పోయి ఉయిలు రాయించేద్దాం."

వీలునామాను ఆ ఇంట్లో ఉయిలనే అంటారు. అయినా తినేటప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తరు. పెనం దగ్గర వసంతమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏందిరా, నేను పోయేదానికి దినం చూసి పెట్టినావా?" అన్నాడు సుందరమూర్తి.

"చూసినా నువ్వు ఆ దినం పోతావా? యముడి దగ్గర కూడా బేరమాడతావు."

మలర్ పకపకా నవ్వింది. వసంతమ్మకు నవ్వు రాలేదు. కొడుకు ఇంటిస్థలం చూస్తున్నాడని ఆమెకు తెలుసు. చెయ్యి కడుక్కోవడానికి వచ్చినవాణ్ణి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది. "నీ పెండ్లాం ఏమన్నా అనిందా?"

నరేంద్రన్ ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు కూడా రామ్మా. వచ్చి విను."

వకీలు లోకేశ్వరి తన ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషి; రాయడం మాత్రం తమిళంలోనే. ముగ్గురికీ మజ్జిగ ఇప్పించి, తాపీగా ఒక్కొక్కటే అడిగింది.

"పిల్లలెంతమందయ్యా?"

"ముగ్గురు."

మలర్ సంగతి విన్నాక ఆమె కలం కింద పెట్టింది. "దత్తత పత్రం ఉందా?"

"పత్రమెందుకమ్మా? ఇనిషియల్ ఇచ్చినాం గదా!"

"ఇనిషియల్ ఇస్తే వాటా రాదయ్యా. మీరేమీ రాయకుండా పోతే, చట్టం లెక్కలో వారసులు ఈ అమ్మ, నరేంద్రన్, భువనేశ్వరి. మలర్ ఆ లెక్కలోనే లేదు."

వసంతమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. పొద్దున షట్టరు ఎత్తి రాత్రి దించేది ఆ పిల్ల. ఆ అంగడి తప్ప ఆమెకు ఇంకో బతుకుతెరువు లేదు.

"యాడికి పోతుంది? నరేంద్రన్ ఇస్తాడు," అన్నాడు సుందరమూర్తి.

"నేనుంటే ఇస్తాను నాయనా. నాకేమన్నా అయితే? మా ఆఫీసు అయ్యాసామిని పెంచిన చిన్నాయన ఇట్లే నోటిమాట చెప్పి పోయినాడు. ఆయన కొడుకులు మంచోళ్లే. వాళ్ల బిడ్డలకు అయ్యాసామి ఎవరో తెలీదు. ఇప్పుడు కదిర్కామంలో బాడుగింట్లో ఉండాడు."

పెనం దగ్గర తను అడిగిన మాట గుర్తొచ్చి వసంతమ్మ తల దించుకుంది. రాయకపోతే లాభపడేవాడు రాయమని కూర్చోబెట్టాడు. తనేమో కోడల్ని అనుమానించింది.

లోకేశ్వరి దస్తావేజులు తిరగేసింది. అంగడి సుందరమూర్తి సొంత సంపాదన కాబట్టి ఎవరికైనా రాయవచ్చు. అయితే స్థలం ఇద్దరి పేరనా ఉంది. వసంతమ్మ కూడా వేరేగా ఉయిలు రాయాలి.

"నేనా? నాకేముంది?"

"సగం అంగడి మీదేనమ్మా."

వసంతమ్మ భర్త వైపు చూసింది. రోజూ మధ్యాహ్నం క్యారియర్ మోసుకుపోయి, అన్నం ఆలస్యమైందని ఆ అంగడిలోనే మాటలు పడిన మనిషి ఆమె. సుందరమూర్తి ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఇంకొకటి," అంది లోకేశ్వరి. "మలర్ పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రి కరుప్పన్. 'మా కూతురు' అని మాత్రమే రాస్తే, రేపు ఎవరైనా కాదని తగాదా పెట్టుకోవచ్చు. 'మేము పెంచుకున్న, కరుప్పన్ కుమార్తె మలర్' అని తేటగా రాయాలి."

సుందరమూర్తి లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ నా బిడ్డ కాదని నేనే చేవ్రాలు పెట్టాలా? పెట్టను." చెప్పులేసుకుని బస్టాపు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం వసంతమ్మ అంగడికి పోయి జరిగిందంతా మలర్‌కు చెప్పింది. చెప్పేటప్పుడు కరుప్పన్ పేరు దగ్గర నోరు తడబడింది. ఆ ఇంట్లో అతని పేరు పలికి చాలా ఏళ్లయింది.

మలర్ అరలోంచి కొత్త గ్లాసు తీసి, మెషీను కింద పెట్టి జుయ్యిమనిపించింది. ఆ గ్లాసులోనే కాఫీ పోసి తీసుకుపోయి, గల్లాపెట్టె దగ్గర ముడుచుకుని కూర్చున్న సుందరమూర్తి ముందర పెట్టింది.

'క. సు. మలర్.'

"ఇద్దురు నాయన్లు ఉండేవాళ్లకు రెండు అక్షరాలు. జాగా సరిపోయింది చూడు నాయనా."

ఆయన అక్షరాల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. ఒకసారి కాదు.

"సు కొంచెం పెద్దదిగా చెక్కుండచ్చు," అన్నాడు చివరికి.

"ఆశ చూడు! కాఫీ తాగు, ఆరిపోతాది."

మళ్లీ లోకేశ్వరి దగ్గరికి పోయినప్పుడు, ఆస్తిలో ఏ వాటా లేనివాళ్లు సాక్షులుగా కావాలని ఆమె అనడంతో, పక్కంగడి అణ్ణాదురైని, టీకొట్టు చెల్లప్పన్‌ని వెంటబెట్టుకుపోయారు. రిజిస్టరు కూడా చేయిద్దామని ఆమె ముందే చెప్పింది. మలర్ వాటాతో సహా లోకేశ్వరి రాసిందంతా పైకి చదివింది. 'సుందరమూర్తి పెంచిన, కరుప్పన్ కుమార్తె మలర్' అనే చోటికి రాగానే సుందరమూర్తి చెయ్యి ఎత్తాడు.

వసంతమ్మ గబుక్కున ఆయన వైపు తిరిగింది.

"వాడి పేరు ముందర రాయమ్మా," అన్నాడు. "ముందు నాయన వాడే గదా."

లోకేశ్వరి మార్చి రాసి, మళ్లీ చదివి వినిపించింది. ఆయన చేవ్రాలు పెట్టాడు. కలం తన చేతికి వచ్చేసరికి, వసంతమ్మ తన ఉయిల్లో కూడా ఆ పేరు ముందరే ఉందో లేదో ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి చూసుకుని, అప్పుడు రాసింది.