నాలుగో పేజీలో వినిపించిన వాక్యం

ఆ ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా ఏమీ అనుకునేది కాదు. పదకొండో ఏట జ్వరంలో చూపు పోయాక ఆ చెవులే ఆమెకు అన్నం పెట్టాయి. నీటి సరఫరా శాఖ ప్రజల కోసం వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతి పత్రాన్నీ ముందుగా ఆమె స్క్రీన్ రీడర్‌తో వినాలి. తెర మీది అక్షరాలను పైకి చదివే ఆ ప్రోగ్రాం, వేరేవాళ్లకు పిచ్చుకల గోలలా తోచేంత వేగంగా ఆమె చెవిలో చదివేది. శీర్షిక శీర్షికలా వినిపిస్తోందా, పట్టికలో ఏ అంకె ఏ వరుసదో తెలుస్తోందా, ఫొటో వస్తే అందులో ఏముందో చెబుతోందా అని ఆమె సరిచూసి సంతకం పెడితేనే పత్రం బయటికి పోయేది.

పత్రాలను అలా వినడానికి వీలుగా తయారుచేసేవాడు పక్క టేబుల్ అతను. ప్రతి పేరాకూ, ప్రతి పట్టికకూ ఇది ఫలానా అని ట్యాగు తగిలించడం, ఫొటోలకు వివరణ రాయడం అతని పని. అందుకే బొమ్మలాయన అయ్యాడు. ఆమెకన్నా పదేళ్లు చిన్న, అక్కా అని పిలిచేవాడు. ఒకసారి పంపు ప్రారంభోత్సవం ఫొటోకు 'ఆఫీసరు గారు కుళాయి తిప్పుతున్నారు, నీళ్లు రావడం లేదు' అని రాశాడు. ఆమె కడుపుబ్బ నవ్వి, రెండో ముక్క తీసేయించింది. ఆరేళ్లుగా ఆ ఆఫీసులో ఆమెకు కళ్లు అతనే.

ఒక మంగళవారం పొద్దున తాగునీటి పరీక్షల నివేదిక వచ్చింది. తొమ్మిది పేజీలు. నాలుగో పేజీలో ఐదు పంపుల పట్టిక, ఐదింటికీ ఎదురుగా 'సంతృప్తికరం' అన్న మాట. పట్టిక ముగిసిందని చెప్పిన యంత్రం అక్కడ ఆగలేదు.

"మూడో పంపు నీటిలో క్రిములు ఉన్నట్టు తేలింది. తిరిగి పరీక్షించే వరకు తాగడానికి సరఫరా చేయరాదు" అని చదివి, ఐదో పేజీకి వెళ్లిపోయింది.

ఆమె వెనక్కి వెళ్లి, వేగం తగ్గించి మళ్లీ వింది. అదే మాట.

"తమ్ముడూ, నాలుగో పేజీలో పట్టిక కింద ఏముంది?"

"ఏం లేదక్కా. ఖాళీ."

"ఒకసారి సరిగ్గా చూడు."

"చూశానక్కా, తెల్లగా ఉంది. ఏం, ఏమంటోంది?"

ఆమె నోటిదాకా వచ్చిన మాట ఎందుకో ఆగింది. "పేజీ నంబరు రెండుసార్లు చదువుతోందిలే" అంది. ఆరేళ్లలో అతనితో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

యంత్రం ఎక్కడైనా తడబడిందంటే చాలు, "ఏదీ, నన్నూ విననివ్వండి" అంటూ కుర్చీ జరుపుకొని వచ్చేవాడు. ఆ రోజు కుర్చీ కదలలేదు. ఆమె మనసులో ముల్లు గుచ్చుకుంది. పత్రంలోని ప్రతి వాక్యమూ ట్యాగుల జాబితాలో అతని కళ్ల ముందు నుంచే పోతుంది. ఈ ఒక్కటి ఎలా తప్పించుకుంది?

సాయంత్రం ఆ పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లింది. ఆమె ఉండేది అక్క దగ్గర. కాలేజీ నుంచి వచ్చిన అక్క కూతుర్ని కూర్చోబెట్టి నాలుగో పేజీ చదవమంది. పిల్ల పట్టిక చివరిదాకా చదివి ఊరుకుంది.

"కింద?"

"కింద ఏం లేదు పిన్నీ."

ఇక ఆమెకు యంత్రం మీద అనుమానం వచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే వచ్చింది. లేనిది వినిపించే వయసు తనకింకా రాలేదే. కాసేపు ఆలోచించి, "ఆ పేజీ అంతా కాపీ చేసి వేరే ఖాళీ ఫైల్లో వెయ్" అంది.

నాలుగైదు మీటలు నొక్కిన చప్పుడు.

"వచ్చిందా?"

"వచ్చింది పిన్నీ. మూడో పంపు నీటిలో క్రిములు... ఇది ఇందాక లేదే. ఎక్కడ్నుంచి ఊడిపడింది?"

"ఎక్కడ్నుంచీ కాదు, అక్కడే ఉంది. అక్షరాల మీద తెల్లటి పెట్టె ఒకటి గీసి మూసేశారు. తెల్ల కాగితం మీద తెల్ల అతుకు, కంటికి ఆనదు. చదివే యంత్రానికి కళ్లు లేవు కాబట్టి దాన్ని మోసం చెయ్యలేకపోయారు."

వంటింట్లోకి వెళ్లి, "అక్కా, ఇవాళ్టి నుంచి తాగే నీళ్లు కాచి పెట్టు" అంది.

"ఎందుకే?"

"జలుబు చేసేట్టుంది."

"నీకు జలుబు చేస్తే ఇంటిల్లిపాదీ వేడినీళ్లు తాగాలా?" అని సణుగుతూనే అక్క గిన్నె పొయ్యి మీద పెట్టింది. తమ వీధికి ఏ పంపు నీళ్లు వస్తాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఆఫీసరే స్వయంగా ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ కబురు పంపడమే తప్ప గది దాటని మనిషి.

"నీళ్ల రిపోర్టు మీద సంతకం అయిందామ్మా?"

"ఇంకో రెండు పేజీలున్నాయి సార్."

"తప్పులేమైనా వచ్చాయా?"

"చూస్తున్నాను సార్."

ఆయన అడుగులు తలుపు వైపు వెళ్లకుండా బొమ్మలాయన టేబుల్ దగ్గర ఆగాయి. "ఆవిడేమైనా అందా?" అని గుసగుస. "లేదు సార్" అని జవాబు. తనకు చెవులమ్మ అన్న పేరు ఎందుకు వచ్చిందో ఇద్దరూ మరిచిపోయినట్టున్నారు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక ఆమె అతన్ని పాత ఫైళ్ల గదిలోకి పిలిచింది.

"ఆ తెల్ల పెట్టె గీసింది నువ్వేనా?"

అతను ముందు గది తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత, "నేనేనక్కా" అన్నాడు. "ల్యాబు వాళ్లు రాసిన ఆ ముక్కా, పట్టికలో మూడో పంపు ఎదుట ఉన్న మాటా తీసేయమన్నారు ఆఫీసరు గారు. మళ్లీ పరీక్ష చేయిస్తున్నాం, ఈలోగా జనాన్ని బెదరగొట్టడం దేనికి అన్నారు. పట్టికలో మాట మార్చాను. ఈ వాక్యం మాత్రం తీసేయడానికి చెయ్యి రాలేదు. పైన మూసి, యంత్రం చదివేలా ట్యాగు ఉంచేశాను. మీరు వింటారని తెలుసు."

"మరి అడిగితే ఖాళీ అన్నావే."

"భయమేసింది."

"ఆయన అడిగితే నేనేమీ అనలేదన్నావు."

"అదీ భయమేనక్కా. నాకు ఇద్దరు పిల్లలు."

"నాకు పిల్లల్లేరు కాబట్టి ఆ మాటేదో నా నోట చెప్పిస్తే సరిపోతుందనుకున్నావు."

అతను ఏదో పాత ఫైలు తీసి మళ్లీ అక్కడే పెట్టిన చప్పుడైంది. అతను చెప్పింది నిజమే కావచ్చు. తొందరలో పెట్టె గీసి ట్యాగు సంగతి మరిచిపోయి, పట్టుబడ్డాక అల్లిన కథా కావచ్చు. ఫొటోలో ఎవరు నవ్వుతున్నారో, ఎవరు మొహం మాడ్చుకున్నారో ఇన్నాళ్లూ ఈ గొంతు చెప్పగా నమ్మింది. అందులో ఎంత తెల్ల పెట్టె కింద ఉండిపోయిందో ఇప్పుడెవరు చెప్పగలరు?

సీటుకు తిరిగి వచ్చి పత్రం సరిచూశాక నింపే ఫారం తెరిచింది. సంతకం గడిలో 'తిరస్కరించడమైనది' అని టైపు చేసింది. కారణాల గడిలో, 'నాలుగో పేజీలో కంటికి కనిపించని వాక్యం ఒకటి వినిపిస్తోంది' అని రాసి, ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కింద చేర్చింది. తిరస్కరించిన పత్రం నకలు అసలు రాసినవాళ్లకు పంపాలని నియమం. అసలు రాసింది ల్యాబు. రాసిందంతా ఇంకోసారి విని, మీట నొక్కింది.

ల్యాబు నుంచి శుక్రవారం ఇద్దరు మనుషులు వచ్చారు. ఆఫీసరు గదిలో గంటసేపు తలుపు వేసుకొని మాట్లాడారు. ఆ సాయంత్రమే మూడో పంపు ఆపేశారు, పదకొండు రోజులపాటు ఆ వీధులకు ట్యాంకర్లు తిరిగాయి. నెల తిరక్కుండా ఆఫీసరుకు వేరే విభాగానికి బదిలీ అయింది. ఎందుకో కాగితం మీద ఎవరూ రాయలేదు. కొందరు ఆమెతో మాట్లాడటం తగ్గించారు. తమ వీధికి వచ్చేది రెండో పంపు నీళ్లని తేలాక అక్క మాత్రం, ఊరికే గ్యాస్ తగలేయించావని ఒకరోజంతా సాధించింది.

బొమ్మలాయన సీటు మారలేదు. అక్కా అనడమూ మానలేదు. కొత్త పత్రం తెచ్చిన రోజు, "మొత్తం సరిచూశానక్కా, మీరు విని సంతకం పెట్టడమే" అన్నాడు.

"కూర్చో తమ్ముడూ. మొదటి పేజీ నుంచి నువ్వు పైకి చదువు."

"మొత్తమా?"

"మొత్తం."

అతను గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు. ఆమె ఒక చెవికి యంత్రాన్ని తగిలించుకొని, రెండో చెవి అతని వైపు తిప్పింది.